పదకొండో పాట ముందు దగ్గు

పొద్దున్న ఎనిమిదింటికల్లా గిన్నెలు కడిగేసి, చేతులు తుడుచుకుని, కుట్టుమిషను ముందు కూర్చోవడం అక్కకి ముప్ఫై ఏళ్ళ అలవాటు. ఆ భవనంలో అందరికీ ఆమె అక్కే. పెద్దవాళ్ళకీ అక్కే, పిల్లలకీ అక్కే. కట్టుకున్నవాడు కూడా నలుగురిలో ఉన్నప్పుడు పొరపాటున అక్కా అనేసి నాలిక్కరుచుకుంటాడు.

మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు వాళ్ళది. ముందుగదిలో కిటికీ పక్కన మిషను, దాని ఎదురుగా చేతుల కుర్చీ ఒకటి, మేకులకి సగం కుట్టిన బట్టలు. ఆ మిషనుకి చప్పుడు లేదు. కాలు ఆడుతుంది, చక్రం తిరుగుతుంది, సూది దిగుతుంది, లేస్తుంది. చెవికి మాత్రం ఏమీ వినపడదు. పాతికేళ్ళుగా ఇంతే. మొదట్లో దారం తెగినా తెలిసేది కాదు, ఖాళీ సూదితో గజాల కొద్దీ కుట్టేసి తల పట్టుకునేది. తర్వాత ఎడమచేతి బొటనవేలికి దారం తెగడం పసిగట్టే విద్య పట్టుబడింది. కొత్తవాళ్ళెవరైనా ఇదేం మిషనండీ అని అడిగితే, దాని చప్పుడు క్యాసెట్‌లో ఉందండీ అంటుంది. వాళ్ళు ఓహో అనేసి కొలతలిచ్చి వెళ్ళిపోతారు.

ఆ రోజు ఒక చొక్కా కాలరు తిప్పి కుడుతోంది. మెట్లమీద ఎవరో వస్తున్నారు. వస్తున్నవాళ్ళు తొమ్మిదో మెట్టు ఎక్కగానే అది కిర్రుమంది.

అక్క కాలు ఆగిపోయింది. ఆ మెట్టు పాతికేళ్ళుగా నోరు మెదపలేదు. దాని చప్పుడూ క్యాసెట్‌లోనే ఉంది మరి. లోపలికొచ్చింది పై అంతస్తు టీచరమ్మ, చంకలో కర్టెన్ల గుడ్డ. మెట్టుకి గొంతు తిరిగొచ్చినట్టుందే అని నవ్వింది. అక్కకి నవ్వు రాలేదు. గుడ్డ కొలత తప్పింది, ఒకటికి రెండుసార్లు కొలవాల్సొచ్చింది. ఎందుకు తప్పిందో చెప్పాలంటే పాతికేళ్ళు వెనక్కి వెళ్ళిరావాలి, తప్పదు.

అప్పట్లో ఆ రెండు గదుల్లో నలుగురు ఉండేవాళ్ళు. నాన్న, అక్క, అక్క మొగుడు, అక్క తమ్ముడు. అమ్మ అంతకుముందే పోయింది. నాన్న సిమెంటు గోడౌన్‌లో బస్తాలు మోసేవాడు. తమ్ముడూ పద్దెనిమిదో ఏట అక్కడే చేరాడు. వాడి అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా మిగల్లేదు, అందరూ గడగడ అనే పిలిచేవాళ్ళు. చిన్నప్పుడు ఎంత పాఠమైనా ఒక్క ఊపిరిలో గడగడా అప్పజెప్పేసేవాడు. బస్తాలు మొయ్యడం మొదలెట్టాక కూడా ఆ నోరు ఊరుకోలేదు. ఎత్తేటప్పుడు ఒక మాట, దించేటప్పుడు దానికి జోడీ మాట. సాయంత్రానికి ఆ మాటలన్నీ కలిసి ఒక పాటయ్యేవి. గోడౌన్ తలుపు పాట, మేస్త్రీ చేతిగడియారం పాట, వాన పడితే గట్టిపడిపోయే బస్తా పాట. ఇలాంటివాటినే ర్యాప్ అంటార్రా, నువ్వు చేస్తున్నది హిప్ హాప్ రా అని వాడికి చెప్పింది వాళ్ళ బావ.

బావది రేడియోలు బాగుచేసే పని. చచ్చిపోయిన మూడు టేప్‌రికార్డర్ల నుంచి పనికొచ్చే భాగాలు పీకి, ఒక రికార్డర్ తయారుచేశాడు. దాని గుణం ఒకటుంది. అందులోకి ఎక్కిన చప్పుడు ఇక బయట ఉండదు. మొదట ఇంట్లో గోడగడియారం టిక్కుటిక్కుమనడం ఎక్కించి చూశారు. గడియారం టైము చూపిస్తూనే ఉంది, చప్పుడు మాత్రం మానేసింది. అయితే జాగ్రత్తగా వాడాలన్నమాట అన్నాడు నాన్న. బావ అప్పుడే ఒక కట్టుబాటు పెట్టాడు. ఎవరి చప్పుడు వాళ్ళని అడిగి తీసుకోవాలి, అడక్కుండా తీస్తే అది దొంగతనం.

గోడౌన్‌కి ఆదివారం సెలవు. ఆదివారానికో పాట చొప్పున పన్నెండు ఆదివారాలు పట్టింది. తలుపులకి దుప్పట్లు కట్టేవాళ్ళు, గడగడ మైకు పట్టుకుని పీట మీద నిలబడేవాడు. ఏ పాటైనా ఒక్కసారే పాడాలి. ఎందుకంటే టేపులోకి ఎక్కిన మాటలు మళ్ళీ వాడి నోట రావు. తప్పు పాడితే తప్పే మిగులుతుంది. అందుకని వారమంతా బస్తాల కింద లోలోపల నెమరేసుకుని, ఆదివారం మధ్యాహ్నం ఒళ్ళంతా చెమట్లతో ఒక్క ఊపులో వదిలేవాడు. అయ్యాక గోడకి ఆనుకుని కాసేపు ఖాళీ సంచిలా కూర్చునేవాడు.

బీటు అక్క మిషనుది. సన్నకుట్టు పెడితే ఒక తాళం, పెద్దకుట్టు పెడితే ఇంకోటి. తీసుకోండ్రా, నాకెందుకా గోల అంది. మొదటి పాటకి ముందు తొమ్మిదో మెట్టు కిర్రుమన్న చప్పుడు పెట్టారు, ఆల్బమ్ పేరు కూడా అదే పెట్టారు, తొమ్మిదో మెట్టు అని. ఐదో పాటకి ముందు ఎదురింటి మొగుడూపెళ్ళాల పోట్లాట. కిటికీ తెరవాలని ఆయన, మూయాలని ఆవిడ. అడిగితే ఇద్దరూ ఒకే మాట మీద సరేనన్నారు, వాళ్ళు ఒకే మాట మీద ఉండటం భవనంవాళ్ళు చూడటం అదే మొదలు. ఆ తర్వాత వాళ్ళు చేతులు తిప్పుకుంటూ పోట్లాడుకునేవాళ్ళే తప్ప మాట బయటికొచ్చేది కాదు. నాలుగు అంతస్తులవాళ్ళూ గడగడకి దండం పెట్టారు. ఏడో పాటకి ముందు కెటిల్ ఈల. ఇక నీళ్ళు మరిగిపోయినా తెలియక అక్క ఆ కెటిల్‌ని ఎన్నిసార్లు మాడబెట్టిందో లెక్కలేదు. చివరికి దాన్ని పాత సామాన్లవాడికి వేసేసింది.

పదకొండో పాట నాన్న మీద. దాని పేరు బరువు. ఆ పాట ముందు ఏ చప్పుడు పెట్టాలో తేలక గడగడ వారమంతా మొహం వేలాడేసుకుని తిరిగాడు.

నాన్నకి దగ్గుండేది. మామూలు దగ్గు కాదు. లోపల ఏదో గది తలుపులు బద్దలవుతున్నట్టుండేది. ఊపిరితిత్తుల నిండా సిమెంటే అని డాక్టరు ఎప్పుడో చెప్పేశాడు. మధ్యాహ్నం కాస్త కన్నంటుకుంటే దగ్గు లేపేసేది. ఆ ఆదివారం కూడా అలాగే లేచి, చేతుల కుర్చీలో కూర్చుని, పొట్ట పట్టుకుని దగ్గుతున్నాడు. అక్కకి చూస్తూ ఉండబుద్ధి కాలేదు. మిషను తీసుకున్నారు, మెట్టు తీసుకున్నారు, ఈ దిక్కుమాలిన దగ్గు కూడా లాగేయొచ్చు కదా, మనిషి కంటినిండా నిద్రపోతాడు అంది.

గడగడ తలెత్తి చూశాడు. బావ నాన్న వైపు చూశాడు. నాన్న నవ్వాడు. నా దగ్గర ఇంతకంటే పెద్ద ఆస్తేం లేదురా, తీసుకోండి అన్నాడు.

బావ మైకు దగ్గర పెట్టాడు. నాన్న దగ్గాడు. ఒకటి, రెండు. మూడోది సగంలో ఉండగా రికార్డర్ ముల్లు ఎర్రగీత దాటిపోయింది, అది కాలిపోతుందని బావ మీట ఆపేశాడు. అలా టేపులోకి రెండున్నర దగ్గులు ఎక్కాయి.

నాన్న ఆ మధ్యాహ్నం నాలుగు గంటలు పడుకున్నాడు. ఊళ్ళో పెళ్ళయినంత సంబరపడ్డారు ఇంట్లో. రెండోవారం ముఖంలో కళ వచ్చిందన్నారు. పందొమ్మిదో రోజున కుర్చీలో ముందుకి వంగి కూర్చున్నాడు, అరచెయ్యి ఛాతీమీద పెట్టుకుని, నోరు కొద్దిగా తెరుచుకుని. తుమ్ము వస్తుందేమోనని ఆగినవాడిలా ఉన్నాడు. దగ్గాలి. దగ్గు లేదు. అలా ఆగి ఆగి, పొద్దువాలేలోపు పోయాడు. లోపల నిండిపోయిందమ్మా, గట్టిగా దగ్గితే బయటికొచ్చేసేది అన్నాడు డాక్టరు.

ఆ మాట అక్క చెవిలో అక్కడే ఉండిపోయింది. ఇంట్లో ఎవరూ ఆమెని పల్లెత్తు మాటనలేదు. అననందుకే ఇంకా మండేది లోపల. పన్నెండో పాట అప్పటికే అయిపోయింది, గడగడ ఆ రికార్డర్‌ని అటకెక్కించాడు.

ఇక ఆల్బమ్ సంగతి. మొదట వంద క్యాసెట్లు చేసి గోడౌన్ బయట పంచారు. వంద వెయ్యయింది. ఒక కంపెనీ వచ్చి టేపు తీసుకెళ్ళింది. బస్సుల్లో, మంగలిషాపుల్లో, హాస్టలు గదుల్లో ఎక్కడ చూసినా తొమ్మిదో మెట్టే. కుర్రకారు ఎదురుపడితే నమస్కారాలు మానేసి రెండున్నర దగ్గులు దగ్గి పలకరించుకునేవాళ్ళు. ఏటికేడు కొత్త పాటలొచ్చాయి, పోయాయి, ఇది మాత్రం పోలేదు. అప్పుడు విన్నవాళ్ళ పిల్లలు కూడా ఇప్పుడు దీనికోసం చెవి కోసుకుంటున్నారు. హిప్ హాప్ అంటే దీని ముందు, దీని తర్వాత అని పత్రికలవాళ్ళు తేల్చేశారు. ఒక ప్రొఫెసరుగారైతే ఆ సగం దగ్గు మీద మూడొందల పేజీల పుస్తకం రాశాడు. అది శ్రామికుడి అసంపూర్ణ తిరుగుబాటట. బావ ఆ పుస్తకం చదివి, ముల్లు ఎర్రగీత దాటితే ఆపానయ్యా బాబూ అని తల కొట్టుకున్నాడు.

గడగడ వేదికెక్కినా పాడలేడు, మాటలు టేపులో ఉన్నాయి కదా. ఊరికే నిలబడేవాడు, జనమే పన్నెండు పాటలూ మొదట్నుంచీ చివరిదాకా పాడి ఏడ్చుకుంటూ ఇళ్ళకి పోయేవాళ్ళు. రెండో ఆల్బమ్ ఎప్పుడని అడిగితే గోడౌన్‌కి టైమైందని వెళ్ళిపోయేవాడు. నిజంగానే వెళ్ళేవాడు. పాతికేళ్ళూ అక్కడే పనిచేశాడు. పెళ్ళి మాటెత్తితే మాట మార్చేవాడు. ఏడాదికేడాదీ నాన్న పోలిక ముదిరింది. అదే వంగిన భుజం, అదే ఛాతీ, కూర్చోవడం కూడా నాన్న కుర్చీలోనే. కిందటేడు ఊపిరాడక డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ఆయన ఫోటో తీసి చూసి అక్కని పక్కకి పిలిచాడు. లోపల సిమెంటుంది, చిన్న చిన్న దగ్గులు వస్తున్నాయే, అవే ఈయన్ని కాపాడుతున్నాయి, వాటిని ఆపే మందులు మాత్రం వాడకండి అన్నాడు. అలాగని పెద్ద దగ్గు పట్టుకుంటే ఈ ఛాతీ తట్టుకోదనీ చెప్పాడు. అప్పట్నుంచీ గడగడ ఖళ్ళుఖళ్ళుమని చిన్నగా మూడుసార్లు దగ్గినప్పుడల్లా అక్కకి ప్రాణం లేచొచ్చేది.

ఇప్పుడు తొమ్మిదో మెట్టు కిర్రుమంది.

సంగతేమిటో సాయంత్రం బావ చెప్పాడు. పాతికేళ్ళయిన సందర్భంగా కంపెనీవాళ్ళు ఆల్బమ్‌ని మళ్ళీ విడుదల చేస్తున్నారట. పాత టేపుని కొత్త యంత్రంలో పెట్టి, పాటల మధ్య రణగొణ ధ్వనులన్నీ తుడిచేస్తున్నారట. రోజుకో పాట.

"తుడిచేస్తే ఎక్కడికి పోతాయి?" అంది అక్క.

"ఎక్కడికి పోతాయే, ఇంటికే వస్తాయి."

ఐదో రోజు పొద్దున్నే ఎదురింట్లోంచి కేక వినపడింది. ఎన్నిసార్లు చెప్పాలి ఆ కిటికీ వెయ్యమని. పాతికేళ్ళ క్రితం ఏ ముక్క దగ్గర ఆగిందో ఆ ముక్క దగ్గర్నుంచే అందుకున్నారు ముసలాళ్ళిద్దరూ. నాలుగు అంతస్తులూ చెవులు మూసుకున్నాయి. ఏడో రోజు అక్క స్టవ్ మీద గిన్నెలో పాలు పెట్టింది. మామూలు గిన్నె, మూత కూడా లేదు. అది నిటారుగా నిలబడి ఈల వేసింది. పాత కెటిల్ ఎప్పుడో కరిగించి మేకులు చేసేసి ఉంటారు. ఈల మాత్రం అదే స్టవ్ వెతుక్కుంటూ వచ్చి, దాని మీద ఏది కనిపిస్తే అందులో దూరింది.

పాలు పొంగి స్టవ్ ఆరిపోయింది. అక్క మసిగుడ్డ అందుకోబోయి ఆగింది. ఈల, కెటిల్ లేకపోతే కెటిల్ చోటులో ఉన్నదాన్ని పట్టుకుంది. నాన్న లేకపోతే?

వెనక్కి తిరిగి చూసింది. నాన్న కుర్చీలో, నాన్న ఛాతీతో, నాన్న ఖాకీ చొక్కా తొడుక్కుని గడగడ పేపరు చదువుకుంటున్నాడు.

ఆ మూడు రోజులూ ఆమెకి అన్నం సయించలేదు. పదో రోజు పని పక్కన పడేసి కంపెనీ స్టూడియోకి వెళ్ళింది. అక్కడ తుడిచేపని చేస్తున్న ఇంజనీరమ్మాయికి ఇరవై ఐదు కూడా ఉండవు. అక్కని చూసి లేచి నిలబడింది. మా అమ్మ కడుపులో ఉన్నప్పుడే విన్నానండీ మీ మిషనుని అంది. నీళ్ళిచ్చింది, కూర్చోబెట్టింది. విషయం చెప్తే మొహం చిన్నబుచ్చుకుంది. దగ్గు తియ్యొద్దంటే ఎలాగండీ, మిగతావి మేము తీస్తున్నాం గానీ ఆ దగ్గు తియ్యమని కాగితం మీద రాసిచ్చింది మీ తమ్ముడుగారే అంది. కాగితం చూపించింది. గడగడ చేతిరాతే. రేపు పదకొండింటికి ఆ పాట.

అక్క ఆ కాగితం మడిచి తిరిగిచ్చేసింది. తర్వాత నెమ్మదిగా అడిగింది, పదకొండింటికి కాకుండా తొమ్మిదింటికి చెయ్యగలవా తల్లీ అని. దానికేం భాగ్యం అంది ఆ పిల్ల.

ఇంటికొచ్చేసరికి గడగడ కుర్చీలోనే ఉన్నాడు. ఆమె మొహం చూడగానే వాడికి అర్థమైపోయింది.

"నాన్నది నాన్నకి ఇచ్చెయ్యాలక్కా. నాన్న లేడు, నేనున్నాను."

"డాక్టరేమన్నాడో తెలుసా నీకు?"

"తలుపు పక్కనే నిలబడి విన్నాను."

"తీయమన్నది నేనురా. నా నోటితో నేనే అన్నాను."

గడగడ తల అడ్డంగా ఊపాడు. "అప్పుడు వారం ముందునుంచీ నాకు ఆ దగ్గే కావాలనుంది. నాన్నని అడగడానికి నోరు రాలేదు. నువ్వు అనగానే ఎగిరి గంతేశాను లోపల. ఆ పాట గొప్పగా వస్తుందని."

పాతికేళ్ళలో ఆ ఇంట్లో ఈ మాటలు పైకి రావడం అదే మొదటిసారి. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేక గోడగడియారం చూశారు. అక్క ఇక వాదించలేదు. సరే నీ ఇష్టం అంది. ఆ చొక్కా చంకలో చిరిగింది, కుట్టి ఇస్తాను విప్పు అంది. వాడు విప్పి ఇచ్చాడు.

చొక్కా చిరగలేదు. నాన్న చొక్కా అది, గోడౌన్‌వాళ్ళిచ్చిన ఖాకీ. నాన్న పోయాక తమ్ముడి ఒంటికి ఒక్క కుట్టు విప్పకుండా సరిపోయింది, రెండూ ఒకే కొలత. అక్క వెలుతురుండగానే పక్కకుట్లు విప్పింది, భుజాలు దించింది, ఛాతీ దగ్గర నాలుగు అంగుళాలు లోపలికి తీసి బిగించింది. చప్పుడు లేని మిషను మీద గంటన్నర పని. అయ్యాక తన ఒంటికి పెట్టుకుని చూసుకుంది. అచ్చం తన కొలతే.

మర్నాడు ఎనిమిదిన్నరకి నల్లదారం రీలు అయిపోయింది, తెచ్చిపెట్టరా అంది. పదకొండింటికి ఇంకా బోలెడు టైముందిగా అని వాడు చెప్పులేసుకుని వెళ్ళాడు. అక్క మాట వాడు ఏనాడూ కాదనలేదు. బావ అప్పటికే కొట్టుకి వెళ్ళిపోయాడు. అక్క ఖాకీ చొక్కా తొడుక్కుని, గుండీలు మెడదాకా పెట్టుకుని, నాన్న కుర్చీలో కూర్చుంది.

గోడగడియారం ముళ్ళు తొమ్మిదికి వచ్చాయి. మెట్లమీద అడుగుల చప్పుడు లేదు, ఎవరూ లేరు. తొమ్మిదో మెట్టు కిర్రుమంది.

తలుపు కర్టెన్ కొద్దిగా కదిలింది. గదిలో ఏదో అటూ ఇటూ వెతుక్కుంటున్నట్టు మేకులకున్న బట్టలు ఒక్కొక్కటే ఊగి ఆగాయి. భయంతో ఆమె కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. ఇక్కడే నాన్నా, ఇటు అంది.

ఒకటి. ఆమె ఒళ్ళంతా ముందుకి విరిగిపడింది. రెండు. కళ్ళముందు చీకట్లు కమ్మాయి. మూడోది సగంలోకి వచ్చి గొంతులో ఆగిపోయింది, అక్కడిదాకానే ఉంది కదా టేపులో. ఊపిరి లోపలికి పోదు, బయటికి రాదు. నాన్న పందొమ్మిదో రోజు ఎలా కూర్చున్నాడో ఆమెకి అప్పుడు తెలిసింది. మిగతా సగం ఎవరో ఒకరు దగ్గాలి. ఉన్న బలమంతా కూడదీసుకుని ఆ సగాన్ని తనే దగ్గింది. అరచేతిలో బూడిదరంగు పొడి పడింది. చిటికెడు సిమెంటు. ఆమె జన్మలో గోడౌన్ గడప తొక్కలేదు.

గుమ్మంలో గడగడ నిలబడి ఉన్నాడు, చేతిలో నల్లరీలు. నాన్న దగ్గు వాడు మెట్ల మీదనుంచే విన్నాడు. వచ్చి వెనక నిలబడి ఆమె వీపు నిమిరాడు.

అలా దగ్గు ఇంటికొచ్చింది, ఉండిపోయింది. రోజూ మధ్యాహ్నం వచ్చేది, వచ్చినప్పుడల్లా చిటికెడు సిమెంటు తెచ్చేది. నాన్న దగ్గకుండా మిగిల్చి పోయిందంతా తీరిగ్గా వస్తోందన్నమాట. బావ దాన్ని ఒక డబ్బాలో వేసేవాడు. ఎంత మిగిలిందో ఎవరికీ తెలియదు. అయినా అక్క మొహం తేటపడింది. తమ్ముడు కుర్చీలో క్షేమంగా ఉన్నాడు, చిన్నగా ఖళ్ళుఖళ్ళుమంటున్నాడు, ఇంకేం కావాలి అనుకుంది.

కొత్త ఆల్బమ్ విడుదలైంది. వారం తిరక్కుండానే గోల మొదలైంది. పదకొండో పాట ముందు దగ్గేదని ఉత్తరాలు బస్తాల కొద్దీ వచ్చిపడ్డాయి. కంపెనీ గేటు ముందు వందలమంది చేరి అందరూ ఒకేసారి రెండున్నర దగ్గులు దగ్గి కిటికీ అద్దాలు అదరగొట్టారట. ప్రొఫెసరుగారు నిరాహారదీక్ష అన్నాడు. ఇంజనీరమ్మాయి స్వయంగా ఇంటికొచ్చింది. ఏడుపు మొహంతో చెప్పింది. కాపీ దాచి ఉంచారట, దగ్గుని మళ్ళీ టేపులోకి ఎక్కించెయ్యమన్నారట, ఒకటో తారీకున.

ఆమె వెళ్ళాక ముగ్గురూ డబ్బా వైపు చూశారు. దగ్గు పోతే ఆ సిమెంటు లోపలే ఉండిపోతుంది. అభిమానమంటే ఇంత భయంకరంగా ఉంటుందని అక్కకి అంతవరకూ తెలియదు. పోనీలేరా, నాన్నకి పందొమ్మిది రోజులొచ్చాయి, నాకూ అన్ని రావా అంది. గడగడ సాయంత్రం అటక మీద ఏదో వెతికాడు, తర్వాత బావతో కలిసి బయటికెళ్ళాడు.

ఒకటో తారీకు వచ్చింది. అక్క పొద్దున్నే స్నానం చేసి, కుట్టాల్సినవన్నీ కుట్టేసి, ఎవరివి వాళ్ళకి పంపించేసి కూర్చుంది. మధ్యాహ్నం దగ్గు ఎప్పటిలాగే వచ్చింది. చిటికెడు సిమెంటు తెచ్చింది. మర్నాడూ వచ్చింది. కంపెనీవాళ్ళు మనసు మార్చుకున్నారేమో అన్నాడు బావ, ఆమె కళ్ళలోకి చూడకుండా. ఆమె నమ్మింది. నమ్మాలనే ఉంది మరి.

నాలుగు రోజుల తర్వాత గడగడ కుర్చీలోంచి అన్నాడు, "అక్కా, నల్లదారం అయిపోయినట్టుందే. తెచ్చుకోకూడదూ."

రీలు సగం ఉంది. అయినా వాడు అడిగాడని లేచింది. కింద వీధి మలుపులో దారాలకొట్టు, దాని పక్కన మంగలిషాపు. షాపులో రేడియో పెట్టారు, గడ్డాలు సగం గీసుకున్నవాళ్ళు కూడా లేచొచ్చి చుట్టూ నిలబడ్డారు. దగ్గు తిరిగొచ్చిందట, పదకొండో పాట వేస్తున్నారట. అక్క రీలు చేతిలో పట్టుకుని మెట్టు మీద ఆగింది.

పాట ముందు దగ్గు వినపడింది. ఒకటి. రెండు. మూడు. మూడోది కూడా పూర్తిగా వచ్చింది. షాపులో అందరూ చప్పట్లు కొట్టారు. అబ్బ, అదే దగ్గు, పాతికేళ్ళైనా అదే బరువు అన్నాడు మంగలి.

అది నాన్న దగ్గు కాదు. చిన్నగా, ఖళ్ళుఖళ్ళుమంటూ. ఏడాదిగా ఆమె ప్రాణం పెట్టుకుని విన్న దగ్గు. కొన్నాళ్ళుగా ఇంట్లో అది వినపడలేదని, ఆ సాయంత్రం వాడు అటక మీద వెతికింది రికార్డర్ కోసమేనని ఆమెకి అప్పుడు తట్టింది. తన దగ్గు చూసుకునే హడావిడిలో తమ్ముడి దగ్గు మాటే మర్చిపోయింది.

మూడు అంతస్తులూ ఎలా ఎక్కిందో తెలియదు. తొమ్మిదో మెట్టు కిర్రుమంది. గడగడ నాన్న కుర్చీలో ముందుకి వంగి కూర్చుని ఉన్నాడు. అరచెయ్యి ఛాతీమీద ఉంది. నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది.

"బాగా వచ్చిందా అక్కా?" అన్నాడు.

"మూడూ వచ్చాయిరా," అంది. "పూర్తిగా వచ్చాయి."

వాడు తలూపాడు. అక్క రీలు మిషను మీద పెట్టి, వాడి వెనక నిలబడి, వీపు నిమరడం మొదలుపెట్టింది.